మీసం చాటు మాట

1929 నవంబరు 4

ఎగోన్ ఈ ఉదయం కాఫీ దగ్గర అన్న మాట తప్పు. "నా గొంతు నువ్వెప్పుడూ విన్లేదు కదమ్మా, నీకేం తెలుసు?" అన్నాడు. విన్నాను. వాడు పుట్టిన క్షణం నుంచి, ఒళ్లంతా ఎర్రబారే ఆ మాయదారి జ్వరం వచ్చి నా రెండు చెవులూ పట్టుకుపోయేదాకా విన్నాను. అప్పటికి వాడికి నాలుగు నిండి ఐదు నడుస్తోంది. వాడి ఏడుపు విన్నాను, పాట విన్నాను, పక్కింటి బాతుల్ని నిలబెట్టి తిట్టడం విన్నాను. గంటలాంటి గొంతు. నలభై నాలుగేళ్ల మనిషిలో అదే గొంతు కొంచెం లావెక్కి ఉంటుంది, అంతే. గంట పెద్దదైతే మోత తగ్గుతుందా?

ఇదంతా వాడి ముఖం మీదే అనేదాన్ని. కాని అప్పటికే లేచి వెళ్లిపోతున్నాడు. వీపుతో వాదించడం నాకు చేతకాదు.

గురువారం స్టూడియోలో గొంతు పరీక్ష. యుద్ధానికి ముందు నుంచీ సినిమాల్లో ఉన్నవాణ్ణి, బెర్లిన్‌లో ప్రతి చుట్టల కొట్లోనూ ఫొటో కార్డై వేలాడినవాణ్ణి, బడిపిల్లాడిలా నిలబెట్టి "ఏదీ, మాట్లాడు" అంటారట. ఇకమీదట సినిమాలు మాట్లాడతాయట. ఇన్నాళ్లూ నోరు మూసుకుని ఉన్నాయని వీళ్లకెవరు చెప్పారో.

నవంబరు 5

మూగ సినిమా అనేది చెవులున్నవాళ్లు పెట్టిన పేరు. మా చెవిటివాళ్ల సంఘంలో ఎవరికీ అవి మూగవి కావు. ప్రేమికుడు మోకాళ్ల మీద పడి, కళ్లనీళ్లు పెట్టుకుంటూ, పెదవులతో మాత్రం "మధ్యాహ్నం మళ్లీ బఠాణీ పులుసేనా" అంటుంటే మేం పగలబడి నవ్వేవాళ్లం. చుట్టూ ఉన్నవాళ్లు, చావు ఇంట్లో నవ్వినవాళ్లని చూసినట్టు చూసేవాళ్లు. తెర మీద అందరూ అలాంటివాళ్లే, నా కొడుకు తప్ప. వాడు ఏ వేషం వేసినా, విషం పెట్టే వైద్యుడైనా, దివాలా తీసిన జమీందారైనా, ఆ ఘట్టానికి తగ్గ మాటే అనేవాడు. వినబడని మాటకి ఇంత శ్రమ దేనికని తోటివాళ్లు వెక్కిరిస్తే "మా అమ్మ చూస్తుంది" అనేవాడట.

ఓడలకి దారి చూపే దీపస్తంభం కాపరి వేషంలో, కొడుకు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చినప్పుడు, డైరెక్టరు ఆ చోట, తెర మీద అక్షరాల్లో చూపే మాటల కార్డు పెట్టలేదు. ముఖం చాలన్నాడు. పత్రికలన్నీ ఆ ముఖం గురించే రాశాయి. అక్కడ వాడేమన్నాడో చెవులున్నవాళ్లెవరికీ తెలియదు. "అమ్మా, ఇది చూడకు" అన్నాడు.

చూశాను. ఏడుసార్లో ఎనిమిదిసార్లో.

నవంబరు 7

చీకటి పడకముందే వచ్చాడు. టోపీ తీయకుండానే "బాగా జరిగింది" అన్నాడు. వీబ్కే కూడా వెంట వెళ్లింది. వీబ్కే వాడి కూతురు, వకీలు దగ్గర టైపు చేస్తుంది, ఈ పూట సెలవు పెట్టింది. అదీ "బాగా జరిగింది నానమ్మా" అంది.

ఇద్దరిదీ ఒకే మాట. ఇద్దరూ ఒకే మాట అన్నారంటే నిజమే అయి ఉంటుంది. మెట్లెక్కుతూ కూడబలుక్కుని వచ్చారనుకోవడం నా పాడుబుద్ధి.

రాత్రి భోజనానికి వాడు రాలేదు. కడుపు నిండి ఉందట.

నవంబరు 8

బాగానే జరిగి ఉంటుంది.

నవంబరు 12

జరగలేదు.

బంగాళాదుంపలు ఒలుస్తుంటే వీబ్కేని కదలనివ్వకుండా కూర్చోబెట్టి అడిగాను.

"అదో రకం గది నానమ్మా. కిటికీల్లేవు. గోడలకి దుప్పట్లు కట్టేశారు. కెమెరా చప్పుడు కూడా వినబడకూడదని దాన్నీ, దాన్ని తిప్పేవాణ్ణీ కలిపి ఓ పెట్టెలో పెట్టి మూసేశారు. ఎర్రదీపం వెలిగిందంటే ఊపిరి కూడా అడిగి పీల్చాలి."

"మీ నాన్న ఏం చేశాడు?"

"నిలబడ్డాడు."

"తర్వాత?"

"తర్వాత మాట్లాడాడు. ప్రిబ్నో గారు తల గోక్కున్నారు. జనవరిలో మళ్లీ రమ్మన్నారు. ఆ దుంప ఇటియ్యి, నువ్వు దాన్ని ఒలవట్లేదు, చంపుతున్నావ్."

ప్రిబ్నో అంటే ఆ స్టూడియోలో ఎవరికి వేషం, ఎవరికి ఇంటిదారి అని తేల్చే పెద్దమనిషి.

నేను ఒకసారి పాత స్టూడియోకి వెళ్లాను. గాజు కప్పు కింద సంత. ఒకడు ఏడుపు రావడానికి ఫిడేలు వాయిస్తున్నాడు. పక్క సెట్టు మీద వడ్రంగులు మేకులు కొడుతున్నారు. డైరెక్టరు కేకలేసే పెద్ద గొట్టం పక్కన పడేసి, నోరంతా తెరిచి "గుండె పగలాలి ఎగోన్! పగిలిందా? ఇంకా పగలాలి!" అని ఊగిపోతున్నాడు. ఆ సంతలో నా కొడుకు కన్నీళ్లు పెట్టుకున్నాడు, చూసిన వడ్రంగి సుత్తి దించేశాడు. మూగ సినిమా తీసేచోట సంత, మాట్లాడే సినిమా తీసేచోట శ్మశానం. సంతలో పెరిగినవాణ్ణి శ్మశానంలో నిలబెట్టి పలకమంటే ఏం పలుకుతాడు?

గొంతులో లోపం లేదు. గదిలో ఉంది లోపం.

నవంబరు 20

లాడెవిగ్ గారని ఒకాయన వస్తున్నాడు. ఒకప్పుడు ఒపెరాలో పాడేవాడట, ఇప్పుడు ఉద్యోగం పోతుందని భయపడే నటులందరికీ గొంతు నేర్పుతున్నాడు. ఈ మధ్య బెర్లిన్‌లో బాగా లావెక్కింది ఆయనొక్కడే. నేను గది మూల కుట్టుపని పట్టుకుని కూర్చుంటే అభ్యంతరం చెప్పలేదు. చెవిటిది కదా, కుర్చీ ఎంతో నేనూ అంతే అనుకున్నాడు. ఆయన పెదవులు మాత్రం అచ్చు అక్షరాల్లా ఉంటాయి.

"ఎగోన్ గారూ, ఇది నోరా, పశువుల కొట్టం తలుపా? ఇంతింత తెరిస్తే ఎలా? మైకు ముందు మీరు గుసగుస అన్నా మీ ముఖం కేకలేస్తోంది. ఎవరు నేర్పారండీ మీకిలా మాట్లాడ్డం?"

ఎగోన్ నావైపు చూడలేదు. చూడకపోవడం మర్యాద.

నేర్పింది ఎవరూ కాదు. నాకు చెవులు పోయాక, అమ్మకి కావలసింది పెదవులే కాని చప్పుడు కాదని వాడికి వాడే కనిపెట్టాడు. ఇక ఇంట్లో గొంతు ఖర్చు పెట్టడం మానేశాడు. హాల్బర్‌స్టాట్‌లో అప్పటి మా ఇంటికి వచ్చిన చుట్టాలు, మేమిద్దరం భోజనాల దగ్గర నిశ్శబ్దంగా పెదవులు కదుపుతుంటే ప్రార్థన అనుకుని చేతులు జోడించేవాళ్లు. మేం వాళ్ల టోపీల గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఆ పెదవులతోనే నాటకాల్లోకి వెళ్లాడు. హాలే ఊళ్లో నాటక సంఘం యజమాని "నీ ముఖం చివరి వరసదాకా వినిపిస్తుందయ్యా, నీ గొంతు మాత్రం మొదటి వరస దాటదు" అని ఈటె పట్టుకునే భటుడి వేషాలిచ్చాడు. అసూయ అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. తర్వాత సినిమా వాళ్లు వచ్చి ఆ ముఖాన్ని ఎత్తుకుపోయారు.

లాడెవిగ్ గారు వాడి పళ్ల మధ్య సీసా బిరడా పెట్టి, దాన్ని వదలకుండా మాట్లాడమంటున్నాడు. రోజూ పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు.

డిసెంబరు 9

భోజనం దగ్గర వాడు ఏదో అడిగాడు. ఉప్పు ఇచ్చాను. ఉప్పు కాదు. రొట్టె ఇచ్చాను. అదీ కాదు. చివరికి వాడే లేచి ఆవాల ముద్ద తెచ్చుకున్నాడు.

కళ్లద్దాలు మార్చాలి.

డిసెంబరు 13

కళ్లద్దాలాయన పరీక్ష చేసి "అమ్మా, మీ వయసుకి ఇవి గద్ద కళ్లు. నా డబ్బు నాకొద్దు, వెళ్లి రండి" అన్నాడు. మంచివాడే, కాని పని రాదు. ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి.

డిసెంబరు 25

చేప బాగా కుదిరింది. వీబ్కే తల్లి వియన్నా నుంచి గ్రీటింగు కార్డు పంపింది. ఒక పళ్ల డాక్టరుతో వెళ్లిపోయి చాలా కాలమైంది. నాకెప్పుడూ కోపం లేదు, ఆవిడ పళ్లు నిజంగానే బాగుండేవి కావు.

క్రిస్మస్ చెట్టు కింద ఎగోన్ నాకు ఏదో చెప్పాడు. పండగ మాటే అయి ఉంటుంది. "నీకూ, నాయనా" అన్నాను. వీబ్కే నావైపు వింతగా చూసింది.

బిరడా లేనప్పుడు కూడా ఇప్పుడు వాడి నోరు అంతే తెరుచుకుంటోంది. ఉత్తరాల పెట్టె మూతలాగా. లాడెవిగ్ గారు చాలా సంతోషంగా ఉన్నాడు.

1930 జనవరి 17

రెండో పరీక్ష కూడా పోయింది.

జనవరి 18

వీబ్కేని అడిగాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు. "నిజం చెప్పవే. మీ నాన్న గొంతు ఎలా ఉంటుంది?"

 అది నావైపు తిరిగి, నాకు అందేలా ఒక్కొక్క మాటే అంది.

"బాగాలేదని కాదు నానమ్మా. అందులో ఎవరూ లేరు. ఖాళీ ఇంట్లోంచి ఎవరో పిలిచినట్టుంటుంది. కోపమొచ్చినా అంతే, నవ్వొచ్చినా అంతే. నాకు అలవాటే గాబట్టి ముఖం చూసి తెలుసుకుంటాను. కళ్లు మూసుకుంటే మాత్రం మా నాన్న కాదు."

"నువ్వు సంగీతం నేర్చుకోలేదు. నీకేం తెలుసు?" అన్నాను.

"ఔను, తెలీదులే" అంది. ఏడుస్తోందని కొంచెం ఆలస్యంగా గమనించాను.

జనవరి 19

గంటలాంటి గొంతు. బాతుల్ని తిట్టేది.

ఫిబ్రవరి 3

మధ్యాహ్నం ఎగోన్ నా గదికి వచ్చాడు. కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. బయట మంచు తెల్లగా మెరుస్తోంది. వాడి ముఖమంతా నీడ. చాలాసేపు మాట్లాడాడు, ఆ ఉత్తరాల పెట్టె నోటితో. మధ్యలో రెండుసార్లు ఆగాడు. చేతులు జేబుల్లో ఉన్నాయి. జేబుల్లో చేతులు పెట్టుకుంటే వాడు భయపడుతున్నట్టు.

నాకు ఒక్క ముక్క అందలేదు. "వెలుగులోకి రా, నాయనా" అందామనుకున్నాను. కాని ఆ ముఖం, నీడలోనే అయినా, మళ్లీ చెప్పించుకోదగ్గ ముఖంలా లేదు. చివర్న ఆగి, తల కాస్త వంచి, నాకోసం ఎదురుచూశాడు.

తల ఊపాను. "సరే, నాయనా" అన్నాను.

వాడు వచ్చి నా నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్లాడు. ఏ విషయమైనా సరే, "సరే" అంటే తప్పయ్యేది ఏముంటుంది?

ఫిబ్రవరి 7

ఏముంటుందో ఈ రోజు తెలిసింది.

వీబ్కే పని నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా "నువ్వెలా ఒప్పుకున్నావ్ నానమ్మా?" అంది.

"దేనికి?"

"నాన్న సంతకం పెట్టేశాడు. వేషం నాన్నది. గొంతు రేడియోలో వార్తలు చదివే కుర్రాడిది. వాడు కెమెరా పక్కన మైకు ముందు నిలబడి మాట్లాడతాడు, నాన్న నోరు కదుపుతాడు. ప్రిబ్నో గారి ఆలోచన. నెల నుంచీ బతిమాలుతున్నారు, నాన్న 'ఛస్తే చెయ్యను' అంటున్నాడు. మొన్న ఏమన్నాడో తెలుసా? 'తెర మీద గొంతు కదిలిందో లేదో లోకంలో ఎవడికీ తెలీదు, మా అమ్మ ఒక్కతే ఇట్టే పట్టేస్తుంది. ఆవిణ్ణి అడుగుతా. వద్దంటే మానేస్తా' అన్నాడు. అడిగాడంట. నువ్వు సరే అన్నావంట."

"అన్నాను."

"ఎందుకు?"

"బతకాలి కదే" అన్నాను.

అది నిజమే. బతకాలి. అడిగింది నాకు అర్థమై ఉంటే కూడా బహుశా అదే అనేదాన్ని. బహుశా. ఈ మాట రాస్తుంటే కలం ఆగింది. వాడికి కావలసింది నేను వద్దనడం. అందుకే వచ్చాడు.

ఫిబ్రవరి 8

వాడికి ఇప్పుడు చెప్పి ఏం లాభం? సంతకం అయిపోయింది.

ఫిబ్రవరి 26

మీసం పెంచుతున్నాడు. ఆ కుర్రాడి మాటకీ, వీడి పెదవికీ అక్కడక్కడా పొంతన కుదరడంలేదట. పై పెదవి కప్పేస్తే ఎవరికీ తెలియదని ప్రిబ్నో గారు సెలవిచ్చాడు. దట్టంగా, కింద పెదవి మీదికి వాలేలా. అందులో సూపు చుక్కలు నిలుస్తున్నాయి.

ఒకప్పుడు ఈ దేశంలో జనం చూడ్డానికి వెళ్లింది ఆ నోటినే. ఇప్పుడు దానికి పరదా కట్టారు.

మార్చి 15

వాడు ఇంట్లో మాట్లాడటం తగ్గించాడు. అలసట.

ఏప్రిల్ 24

మొదటి ఆట. నేనూ, ఆల్మా ట్సాబెల్ వెళ్లాం. ఆల్మా మా సంఘంలో నా స్నేహితురాలు, పుట్టు చెవిటిది, టోపీలు కుడుతుంది. ఎగోన్ సినిమా ఒక్కటీ వదిలిపెట్టలేదు. మధ్యలో వచ్చే మాటల కార్డులు ఈ సినిమాలో లేవు. ఎందుకుంటాయి? వినేవాళ్ల కోసం కదా తీసింది.

ఎగోన్ తెర మీదికి రాగానే ఆల్మా నిటారుగా కూర్చుంది. కొంతసేపు చూసి నావైపు తిరిగి చేతులతో అడిగింది: "ఏమంటున్నాడు? ఆ బొచ్చు చాటున నాకేం కనబడట్లేదు."

నాకూ కనబడలేదు. నాకు కనబడింది ఒకటే. తెల్లటి కాలరు మీద వాడి కంఠం. పెదవులు కదులుతున్నాయి, మీసం కదులుతోంది, కంఠం రాయిలా ఉంది. ఊపిరి తీసుకోవలసిన చోట తీసుకోవడంలేదు. అందులో వాడు ప్రొఫెసరు, చచ్చిపోతున్నాడు, మంచం చుట్టూ విద్యార్థులు. మా ముందు వరసలో ఆడవాళ్లు రుమాళ్లు తీశారు. ఎవరి గొంతుకి ఏడుస్తున్నారో వాళ్లకి తెలియదు.

"ఏమంటున్నాడు?" అని ఆల్మా మళ్లీ మోచేత్తో పొడిచింది.

చెప్పాను. "జీవితమంతా పుస్తకాలు చదివాను, మనుషుల్ని చదవలేదు అంటున్నాడు" అని చేతులతో చెప్పాను. "కిటికీ తెరవండి అంటున్నాడు." "మా అమ్మని పిలవండి అంటున్నాడు." ఆటంతా చెప్తూనే ఉన్నాను. బడిలో చదువు చెప్పినదాన్ని, కల్పన నాకు కష్టం కాదు. ఆల్మా ఏడ్చింది. బయటికొచ్చాక "నువ్వు లేకపోతే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఎంతైనా తల్లివి" అంది.

వాడి సినిమాలో ఒక్కమాట కూడా చూడలేకపోవడం నాకు ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 25

పత్రికలన్నీ పొగిడాయట. "ఇన్నాళ్లూ ఆ ముఖం వెనక ఇంత గొంతు దాగి ఉందా" అని ఒకడు రాశాడు. వీబ్కే ఆ పత్రికని పొయ్యిలో పెట్టింది. ఇంకా మూడు సినిమాలకి ఒప్పందం. అదే గొంతు, అదే మీసం.

మే 2

ఎగోన్ ఎవరితోనూ మాట్లాడటంలేదని వీబ్కే అంటోంది. నాతో ఒక్కదానితోనే కాదట. దానితో కూడా, మాంసం కొట్టువాడితో కూడా. వీధిలో ఎవరైనా గుర్తుపట్టి పలకరిస్తే గొంతు పట్టేసిందన్నట్టు మెడ చూపించి, టోపీ ఎత్తి వెళ్లిపోతాడట. నోరు తెరిస్తే ఆ కుర్రాడి గొంతు వస్తుందని ఎదురుచూస్తారు కదా వాళ్లు.

మే 11

ఆదివారం. వీబ్కే సరస్సు వైపు షికారుకెళ్లింది. మేమిద్దరమే. వాడు నా ఎదురుగా, పూర్తి వెలుగులో కూర్చుని ఏదో చెప్పాడు. కొంచెమే. మూడు నాలుగు మాటలు.

తల ఊపబోయాను. మెడ సగం కదిలింది కూడా.

ఆపేశాను. "అర్థం కాలేదు, ఎగోన్" అన్నాను.

ఈ మాట నలభై ఏళ్లలో వాడితో ఎప్పుడూ అనలేదు. వాడు కళ్లార్పకుండా చూశాడు. మళ్లీ చెప్పాడు. మీసం లేచింది, పడింది. "అర్థం కాలేదు" అన్నాను. అప్పుడు వాడు పాత నోరు తెరవబోయాడు, చిన్నప్పటిలా, కొట్టం తలుపులా. దవడ సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇక తెరుచుకోలేదు. లాడెవిగ్ గారు పని తెలిసినవాడు, ఒప్పుకోవాలి.

"ఎప్పటి నుంచి?" అన్నట్టు వాడి కనుబొమలు అడిగాయి. వాటికి ఇంకా ఎవరూ బిరడా పెట్టలేదు.

"ఆవాల ముద్ద అడిగినప్పటి నుంచి" అన్నాను.

వాడు వెనక్కి లెక్కపెట్టుకోవడం చూశాను. పండగ చెట్టు దాటాడు. జనవరి దాటాడు. మంచు కురిసిన ఆ మధ్యాహ్నం దగ్గర ఆగాడు. ఆ ముఖాన్ని ఫిడేలు లేకుండా, డైరెక్టరు లేకుండా, నేనొక్కదాన్నే చూశాను. ఎవరూ ఫొటో తీయలేదు. వాడు కోప్పడలేదు. నా చేతి మీద రెండుసార్లు తట్టి, తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

మే 12

వాడు పొద్దున నాకన్నా ముందే లేచి షూటింగుకి వెళ్లిపోయాడు. కాఫీ గిన్నె కడిగి బోర్లించి ఉంది.

మా సంఘంలో మెడలో పలక వేలాడదీసుకుని తిరిగే ముసలాళ్లున్నారు. వాళ్లని చూసి, మాకు ఆ ఖర్మ పట్టలేదు, నా కొడుకు నోరే నాకు పలక అని ఆల్మా దగ్గర ఎన్నిసార్లు గొప్పలు పోయానో. సరే. ఆ ముసలాళ్లకి కనీసం అవతలివాడు ఏమన్నాడో తెలుస్తుంది.

వీబ్కే సాయంత్రం పని నుంచి వస్తూ పలక తీసుకురావాలి. దానికి ఇలా చెప్పాలి: బడి పక్క సందులో ఉన్న కాగితాల కొట్టుకే వెళ్లు, పెద్ద బజారుకి వద్దు, అక్కడ గీత పడని నాసిరకం అంటగడతారు. ఒకటో తరగతి పిల్లలది కాదు, దానికన్నా పెద్దది, చెక్క చట్రం ఉన్నది. గీతలు గీసిన వైపు ఉంటే వద్దు, రెండు వైపులా నున్నగా ఉండాలి. బలపాలు మెత్తవి అడుగు, అరడజను, మీ నాన్న గట్టిగా నొక్కి రాస్తాడు, విరుగుతాయి. తుడవడానికి దారం కట్టిన స్పాంజి వాళ్లే ఇస్తారు, ఇవ్వకపోతే అడుగు. ఎవరికని అడిగితే ఇంట్లో చిన్నపిల్లాడికని చెప్పు.